బ్రేకు ప్యాడ్ల పిన్ను రావడం లేదు, అలెన్ కీ జారిపోతోంది

ఉప్పుటేరు_బైకర్
సెకండ్ హ్యాండ్‌లో కొన్న 150 సీసీ బైకు. ముందు డిస్కు ప్యాడ్లు గీత దాకా అరిగాయి. కొత్తవి తెచ్చి ఇంట్లోనే మార్చుదామని కూర్చున్నాను. ప్యాడ్లను పట్టి ఉంచే పిన్ను ఉంది కదా, దాని తలలో 5 ఎంఎం అలెన్ కీ పట్టే గుంటను ఇదివరకే ఎవరో పాడు చేశారు. పలకలు పోయి గుండ్రంగా అయింది. కీ పెట్టి తిప్పితే జారిపోతోంది. తల కాలిపర్‌లోకి (ప్యాడ్లను డిస్కుకు అదిమే భాగం) దిగి ఉంది కాబట్టి ప్లయర్‌తో పట్టుకోవడానికి వీల్లేదు. కాకినాడ గాలికి బోల్టులన్నీ తుప్పే. కాలిపర్ ఇంకా ఫోర్కుకే బిగించి ఉంది. డబ్ల్యూడీ-40 కొట్టి ఉంచాను. షాపులో అడిగితే కాలిపర్ మొత్తం మార్చాల్సిందే అంటున్నారు. నాకు నమ్మకం కుదరడం లేదు. ఎవరైనా ఇలాంటి పిన్ను తీశారా?

టూటీ_ఫ్రూటీ
ముందు ఇంట్లో సుత్తి ఎక్కడుందో చూసి దాచేయండి అన్నా. మిగతాది పెద్దవాళ్లు చెప్తారు. నాదీ అలాంటి బండే, అందుకే ఇక్కడే కూర్చున్నా.

డిపో_బాబాయ్
సుత్తి దాచొద్దు, దానితోనే పని. ఆర్టీసీ డిపోలో బ్రేకుల సెక్షన్‌లోనే ఉద్యోగమంతా గడిచింది. బస్సు బ్రేకు వేరు, బైకు బ్రేకు వేరు. తుప్పు మాత్రం రెండింట్లోనూ ఒకటే.

బాబూ, కాలిపర్ ఫోర్కు నుంచి విప్పకుండా ఉంచావు చూడు, అదే సగం పని. చాలామంది ముందు కాలిపర్ విప్పేసి, చేతిలో పట్టుకుని పిన్ను తిప్పబోతారు. అది చేతిలో ఊగుతుంది, కీ వంకరగా పడుతుంది, ఉన్న పలకలు కూడా పోతాయి. ఫోర్కుకు ఉండగానే పిన్నును ఒక్క పావు చుట్టు లూజు చేసుకోవాలి. ఆ తర్వాతే కాలిపర్ మౌంటింగ్ బోల్టులు.

ఇప్పుడు గుంటలో ఉన్న మట్టి, తుప్పు పొడి అంతా సూదితో గీకి తీసెయ్. అడుగున చెత్త ఉంటే కీ పూర్తిగా దిగదు, పై అంచునే పట్టుకుంటుంది. తర్వాత పిన్ను తల మీద ఒక పాత బోల్టు ఆనించి సుత్తితో నిటారుగా చిన్న దెబ్బలు వెయ్. గట్టిగా కాదు, ఎక్కువసార్లు. లోపల మరల్లో తుప్పు పగలాలి, అంతే. ఆ పగుళ్లలోకే ఆయిల్ దిగేది.

రాణిగంజ్_రాజు
బాబాయ్ చెప్పినట్టు శుభ్రం చేశాక టీ30 టార్క్స్ బిట్టు కొనండి, ఆరు మూలల నక్షత్రంలా ఉంటుంది. 5 ఎంఎం గుంటలో అది సుత్తితో కొడితేనే దిగేంత బిగువుగా ఉంటుంది. దిగితే దాని మూలలు పిన్నులోకి కొరుక్కుంటాయి, ఇక జారదు. దాని మీద సాకెట్టు, సాకెట్టుకు పొడుగు హ్యాండిలు. చవక రకం బిట్టు వద్దు, మెలి తిరిగి లోపలే విరుగుతుంది. మంచి ఉక్కుది తీసుకోండి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు రాణిగంజ్‌లో ఏ టూల్స్ షాపులోనైనా విడిగా ఒక్క బిట్టు ఇస్తారు, సెట్టు మొత్తం కొనక్కర్లేదు.

షెడ్డు_శీను
విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు నాది. రోజూ ఇలాంటివి చూస్తాను. టీ30 పద్ధతి కరెక్టే, మేం కూడా అదే చేస్తాం. అది కూడా జారితే నట్టు వెల్డింగ్. పిన్ను తల మీద చిన్న నట్టు పెట్టి లోపలి నుంచి వెల్డ్ చేస్తే ఆ వేడికే తుప్పు వదులుతుంది, పానాతో సులువుగా వస్తుంది. కానీ ఆ పని కాలిపర్ విప్పి, లోపల ప్యాడును నెట్టే పిస్టన్, దాని చుట్టూ ఉండే రబ్బర్లు తీశాకే.

ఒక్క మాట చెప్తాను, కోపం తెచ్చుకోవద్దు. బ్రేకు పని ఇంట్లో చేయడం నాకు ఇష్టం ఉండదు. చెయిన్ లూజయితే బండి ఆగుతుంది, బ్రేకు లూజయితే బండి ఆగదు.

ఉప్పుటేరు_బైకర్
@షెడ్డు_శీను కోపం ఎందుకన్నా, నిజమే కదా. అయితే ఈ పిన్ను గుంట పాడైంది కూడా ఏదో షెడ్డులోనే. చేతిలో టైముంది, మాన్యువల్ ఉంది. నెమ్మదిగా చేద్దామనే నా ఆలోచన. ఏ దశలోనైనా అనుమానం వస్తే ఆపేసి ట్రాలీ ఆటోలో షెడ్డుకు పంపిస్తాను. బ్రేకు లేకుండా నడపను.

షెడ్డు_శీను
ఆ చివరి వాక్యం చాలు. చెయ్యి తమ్ముడూ.

ల్యాబ్_టీచర్
డబ్ల్యూడీ-40 ఎక్కడెక్కడ పడింది? పాత ప్యాడ్లు ఎలాగూ పారేస్తారు కాబట్టి వాటి మీద పడినా ఫర్వాలేదు. డిస్కు మీద పడితే మాత్రం కొత్త ప్యాడ్లు పెట్టే ముందు బ్రేక్ క్లీనరుతో గానీ ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో గానీ రెండు వైపులా తుడవాలి. నూనె పట్టిన డిస్కుకు కొత్త ప్యాడు ఆనిందంటే ఆ ప్యాడు కూడా పాడైనట్టే.

ముఖ్యంగా రబ్బరు. డాట్ 3, డాట్ 4 అనే బ్రేకు ఫ్లూయిడ్లు గ్లైకాల్ రకానివి. వాటికి తగినట్టు కాలిపర్ సీళ్లను (పిస్టన్ చుట్టూ ఉండే రింగులు) ఈపీడీఎం అనే రబ్బరుతో చేస్తారు. ఆ రబ్బరుకు పెట్రోలియం నూనెలు పడవు. పెట్రోలు, డీజిలు, కిరసనాయిలు, మామూలు గ్రీజు ఏది తగిలినా ఉబ్బి మెత్తబడుతుంది. ఉబ్బిన సీలు పిస్టన్‌ను వెనక్కి రానివ్వదు. అందుకని నూనెను స్ప్రే చేయకుండా, సిరంజితో ఒక్కొక్క చుక్క పిన్ను తల చుట్టూ, మరలు బయటికి వచ్చే వైపు వేయండి.

వేడి కావాలంటే మరిగే నీళ్లు వాడండి. కాలిపర్ అల్యూమినియం, పిన్ను ఉక్కు. అల్యూమినియం వేడికి ఉక్కు కంటే దాదాపు రెట్టింపు సాగుతుంది, కాబట్టి రంధ్రం పిన్ను కంటే కొంచెం ఎక్కువ తెరుచుకుంటుంది. మరిగే నీళ్లలో ముంచిన గుడ్డను పిన్ను ఉన్న చోట చుట్టి కాసేపు ఉంచండి, వెంటనే తిప్పండి. వంద డిగ్రీల వేడికి ఆ రబ్బర్లకేమీ కాదు. చేతులు జాగ్రత్త.

బుల్లెట్_బుజ్జి
నీళ్లు, గుడ్డలు ఎందుకండీ, గ్యాస్ టార్చి పెడితే రెండు నిమిషాల్లో ఊడి వస్తుంది. మేం సైలెన్సర్ బోల్టులు అలాగే తీస్తాం.

ల్యాబ్_టీచర్
@బుల్లెట్_బుజ్జి సైలెన్సర్‌లో రబ్బరు సీలు లేదు, దాని వెనుక మండే ద్రవం లేదు. ఇక్కడ రెండూ ఉన్నాయి. పైగా కొన్ని బ్రేక్ క్లీనర్లలో క్లోరిన్ కలిసిన ద్రావకాలు ఉంటాయి. అది తడిగా ఉన్న చోట మంట పెట్టినా, వెల్డింగ్ చేసినా ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. కొద్దిగా పీల్చినా ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. క్లోరిన్ లేని రకమైతే అదే భగ్గున అంటుకుంటుంది. ఏ రకంగా చూసినా బ్రేకుల దగ్గర మంట వద్దు.

షెడ్డు_శీను
మేడం చెప్పింది ప్రతి షెడ్డులో గోడ మీద రాసి పెట్టాలి. మా కుర్రాళ్లకు నేను ఎప్పుడూ చెప్పేది, క్లీనరు కొట్టిన దాన్ని వెల్డింగ్ దగ్గరికి తేవద్దని.

బుల్లెట్_బుజ్జి
ఇది నాకు తెలియదు. సరే, టార్చి మాట వెనక్కి తీసుకుంటున్నాను.

గాజువాక_గణేష్
ఇదే దారంలో నా కారు గొడవ కూడా అడగొచ్చా? విశాఖలో అపార్ట్‌మెంట్ బయట వానాకాలమంతా కారు హ్యాండ్ బ్రేకు వేసి నిలబెట్టాల్సి వచ్చింది. ఇప్పుడు వెనక డ్రమ్ము ఒకటి పట్టేసింది. చక్రం విప్పాను, డ్రమ్ము కదలడం లేదు. ముందు డిస్కులు కూడా మార్చే వయసు వచ్చింది, అవీ హబ్బుకు (చక్రం బిగించే నడిమి భాగం) అతుక్కుపోయినట్టున్నాయి.

టూటీ_ఫ్రూటీ
కాకినాడ, గాజువాక. సముద్రం ఇద్దరి మీదా కత్తి కట్టింది.

డెట్రాయిట్_నాని
@గాజువాక_గణేష్ మాకు సముద్రం లేదు కానీ చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. డెట్రాయిట్ కిందే పెద్ద ఉప్పు గని ఉంది, మంచు కరిగించడానికి అందులోంచే తవ్వి పంపుతారు. కాబట్టి తుప్పు పట్టిన డిస్కుల విషయంలో ఇక్కడ అందరికీ అనుభవమే.

ముందు భద్రత. జాకీ మీద మాత్రమే కారును నమ్మొద్దు, కింద స్టాండు పెట్టండి. ముందు చక్రాలకు రెండు వైపులా రాళ్లు. ఆ తర్వాతే హ్యాండ్ బ్రేకు పూర్తిగా వదలండి. డ్రమ్ము ముఖం మీద చూడండి, చక్రం స్టడ్ల మధ్య రెండు చిన్న మర రంధ్రాలు ఉండొచ్చు. చాలా కార్లలో అవి ఎం8 సైజు. తుప్పుతో పూడిపోయి ఉంటే గీకి శుభ్రం చేయండి. వాటిలో రెండు ఎం8 బోల్టులు పెట్టి, ఇటు అర చుట్టు, అటు అర చుట్టు, మార్చి మార్చి బిగించండి. బోల్టు కొస వెనక హబ్బును తన్ని డ్రమ్మును బయటికి నెడుతుంది. ఒక్కదాన్నే బిగిస్తే డ్రమ్ము వంకరపోయి ఇంకా బిగుసుకుంటుంది. మధ్యమధ్యలో స్టడ్ల మధ్య ఉన్న భాగం మీద సుత్తితో తట్టండి. డ్రమ్ము అంచు మీద కొట్టొద్దు, పోత ఇనుము పగులుతుంది.

డిస్కుకూ ఇదే పద్ధతి. కొన్ని కార్లలో డిస్కును హబ్బుకు పట్టి ఉంచే చిన్న ప్లస్ స్క్రూలు ఉంటాయి, ముందు అవి తీయాలి. మామూలు స్క్రూ డ్రైవరుతో వాటి జోలికి పోవద్దు. సుత్తితో కొడితే తనే తిరిగే ఇంపాక్ట్ డ్రైవరు అని ఉంటుంది, దానితో తీయండి. డిస్కుకు మర రంధ్రాలు లేకపోతే ఇంకో ఉపాయం: కాలిపర్ బ్రాకెట్టు బిగించే రంధ్రంలోంచి పొడుగు బోల్టు పెట్టి, నట్టు వేసి, బోల్టు కొసను డిస్కు వెనక వైపు ఆనించి బిగిస్తూ పోవడం. కొంచెం బిగించి, చక్రం తిప్పి, ఇంకో చోట బిగించాలి. డిస్కు మళ్లీ వాడేది అయితే ఇది చేయొద్దు, వంగుతుంది. పారేసేదయితే మొహమాటం అక్కర్లేదు.

డిపో_బాబాయ్
నాని బాగా చెప్పాడు. ఒకటి కలుపుతాను. ఎం8 బోల్టులకు కూడా రాకపోతే, లోపల లైనింగు డ్రమ్ముకు అతుక్కుని ఉండొచ్చు, లేదా డ్రమ్ము అరిగి అంచున కట్ట లేచి ఉండొచ్చు. ఆ కట్టను షూలు (లోపల డ్రమ్మును పట్టే బ్రేకు ముక్కలు) దాటి రాలేవు. అప్పుడు బ్యాక్ ప్లేటులోని రబ్బరు మూత తీసి, స్క్రూ డ్రైవరుతో అడ్జస్టరును వెనక్కి తిప్పి షూలు దగ్గరికి తేవాలి. బలం పెడితే షూ స్ప్రింగులు, పిన్నులు విరిగి లోపల పడతాయి.

గాజువాక_గణేష్
మర రంధ్రాలు ఉన్నాయి! ఇన్నాళ్లూ అవి ఎందుకో తెలియలేదు. ఆదివారం చేస్తాను.

ఉప్పుటేరు_బైకర్
తాజా కబురు. గుంట గీకితే అడుగున గట్టి మట్టి చాలా వచ్చింది. టీ30 బిట్టు తెచ్చి కొట్టి దింపాను. వేడినీళ్ల గుడ్డ రెండోసారి తీశాక తిప్పితే టక్కుమని చప్పుడు వచ్చి కదిలింది. ఇప్పుడు పిన్ను తిరుగుతోంది, మరల్లోంచి వదిలింది కూడా. కానీ బయటికి రావడం లేదు, ఉన్నచోటే గిరగిరా తిరుగుతోంది.

డిపో_బాబాయ్
భేష్! ఆ టక్కుమనే చప్పుడు వినడానికే ఇదంతా.

తిరుగుతూ బయటికి రాకపోవడానికి కారణం ప్యాడ్లు. లోపల ఒక పలుచటి స్ప్రింగు రేకు ఉంటుంది, అది ప్యాడ్లను ఎప్పుడూ పిన్నుకు అదిమి పెడుతుంది. ఏళ్ల తరబడి అలా ఆని పిన్ను మీద గాట్లు పడి ఉంటాయి, ఆ గాట్లలో ప్యాడు చిక్కుకుంది. ఇప్పుడు మౌంటింగ్ బోల్టులు తీసి కాలిపర్‌ను డిస్కు నుంచి బయటికి తెచ్చుకో. బొటనవేలితో రెండు ప్యాడ్లనూ స్ప్రింగు వైపు లోపలికి నొక్కి పట్టు. పిన్ను మీద బరువు పోతుంది. రెండో చేత్తో బిట్టు పట్టుకుని తిప్పుతూ లాగు.

కాలిపర్‌ను బ్రేకు గొట్టం మీద వేలాడదీయకు. తీగతో హ్యాండిల్‌కు కట్టు. బ్రేకు లివరు ఎవరూ నొక్కకుండా చూడు, పిస్టన్ బయటికి దూకుతుంది.

రాణిగంజ్_రాజు
ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రం జామ్ కాకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండి అయితే చక్రం దగ్గర సెన్సార్ తీగ కూడా ఉంటుంది, కాలిపర్ కదిపేటప్పుడు అది లాగకుండా చూసుకోండి. 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నింటికీ 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి కాబట్టి చాలామందికి ఇది వర్తిస్తుంది.

ఉప్పుటేరు_బైకర్
వచ్చేసింది! పిన్ను మీద రెండు గాట్లు, బాబాయ్ చెప్పిన చోటే. కొత్త పిన్నుకు ఆర్డరు ఇచ్చాను, పాతది మళ్లీ పెట్టను. ప్యాడ్లు చూస్తే లోపలిది దాదాపు ఇనుప రేకు దాకా అరిగింది, బయటిదానికి ఇంకా సగం మందం ఉంది. ఇది మామూలేనా?

షెడ్డు_శీను
మామూలు కాదు. అసలు జబ్బు ఇప్పుడు దొరికింది. నీ కాలిపర్‌లో పిస్టన్ ఒక పక్కనే ఉంది కదా. పిస్టన్ లోపలి ప్యాడును నెడుతుంది, ఆ తోపుకు కాలిపర్ మొత్తం స్లైడ్ పిన్నుల మీద జరిగి బయటి ప్యాడును లాగాలి. పిన్నులు పట్టేస్తే కాలిపర్ జరగదు. అప్పుడు పనంతా లోపలి ప్యాడే చేస్తుంది. బ్రాకెట్టు పట్టుకుని కాలిపర్‌ను అటూ ఇటూ జరిపి చూడు. చేత్తో సులువుగా జరగాలి.

ఉప్పుటేరు_బైకర్
జరగడం లేదు. ఒక పిన్ను కొంచెం కదులుతోంది, రెండోది రాయి. దాని రబ్బరు బూటు చిరిగి ఉంది, లోపల ఎర్రటి తుప్పు.

టూటీ_ఫ్రూటీ
నా బండి కూడా చూశాను ఇప్పుడే వెళ్లి. నాదీ జరగడం లేదు. ఈ దారం చదవకపోతే ప్యాడ్లు మార్చేసి వెళ్లిపోయేవాణ్ణి, కొత్తవి కూడా అలాగే ఒక పక్కే అరిగేవి.

షెడ్డు_శీను
అదే జరుగుతుంది. "కొత్త ప్యాడ్లు మూడు నెలలకే పోయాయి, డూప్లికేట్ ఇచ్చారు" అని వచ్చే బండ్లలో చాలావాటికి స్లైడ్ పిన్ను జామ్ అయి ఉంటుంది.

తీసే పద్ధతి. బ్రాకెట్టును వైసులో పట్టించు, దవడల మధ్య గుడ్డ పెట్టు. లాగొద్దు. ముందు మెలి తిప్పాలి. కాలిపర్‌నే హ్యాండిలుగా వాడి పిన్ను చుట్టూ ఇటు కొంచెం, అటు కొంచెం తిప్పుతూ ఉండు. ఆయిల్ చుక్క, మళ్లీ తిప్పు. తుప్పు పొడి బయటికి రావడం మొదలవుతుంది. పూర్తి చుట్టు తిరిగేదాకా లాగే ప్రయత్నం చేయకు. తిరిగాక తిప్పుతూనే లాగు. మీ గొట్టం పొడవు సరిపోకపోతే బాంజో బోల్టు (గొట్టాన్ని కాలిపర్‌కు పట్టి ఉంచేది) తీయాల్సి వస్తుంది, అప్పుడు రాగి వాషర్లు కొత్తవి వెయ్యాలి, గొట్టంలో చేరిన గాలి తీయాలి. ముందు తీయకుండానే చూడు.

డెట్రాయిట్_నాని
కార్లవాళ్లకు ఒక మాట. కొన్ని కాలిపర్లలో రెండు స్లైడ్ పిన్నులూ ఒకేలా ఉండవు. ఒకదాని కొసన చిన్న రబ్బరు తొడుగు ఉంటుంది. ఏది పైనుంచి వచ్చిందో, ఏది కిందనుంచి వచ్చిందో ఫొటో తీసుకోండి. ఆ తొడుగు మామూలు గ్రీజుకు ఉబ్బి రంధ్రంలో ఇరుక్కోవడమే మా దగ్గర ఎక్కువగా చూసే కేసు.

బుల్లెట్_బుజ్జి
పిన్నుకు బేరింగుల గ్రీజు రాస్తే సరిపోదా? ఎర్రటిది, వేడికి తట్టుకుంటుంది.

ల్యాబ్_టీచర్
వేడికి తట్టుకుంటుంది, నిజమే. కానీ పెట్రోలియం నూనెతో చేసినది. నాని గారు చెప్పిన ఉబ్బడం దానివల్లే. బ్రేకుల కోసమే అమ్మే సిలికాన్ గ్రీజు తీసుకోండి. చిన్న ట్యూబు చాలా ఏళ్లు వస్తుంది.

షెడ్డు_శీను
నేను ఇక్కడ మేడంతో పూర్తిగా ఒప్పుకోను. రబ్బరు లేని, ఇనుము మీద ఇనుము జరిగే పాత రకం కాలిపర్లకు ఎర్ర గ్రీజు పెట్టిన బండ్లు మా దగ్గర ఏళ్లుగా బాగానే నడుస్తున్నాయి.

ల్యాబ్_టీచర్
పిన్ను చివర రబ్బరు లేకపోయినా, దుమ్ము పోకుండా పైన బూటు ఉంటుంది కదా శీను గారూ? నీరు చేరేది ఆ బూటు చిరిగాకే. ఈ బైకులో జరిగిందీ అదే.

షెడ్డు_శీను
బూటు విషయం నిజమే. మా దగ్గర బూట్లు తొందరగానే చిరుగుతాయి, మేం దాన్ని ఎండ ఖాతాలో వేసేవాళ్లం. ఇకపై సిలికాన్ పెట్టి చూస్తాను.

ఉప్పుటేరు_బైకర్
పిన్ను బయటికి వచ్చింది. సన్న ఎమరీ కాగితంతో రుద్దితే ఒక చోట లోతుగా తిన్నట్టు గుంటలు ఉన్నాయి. రంధ్రం లోపల కూడా తుప్పు. పిన్నూ, బూట్లూ కలిపి కిట్టు దొరుకుతుందట, అది కూడా తెప్పిస్తున్నాను.

ఇక చివరి అడ్డంకి. కొత్త ప్యాడ్లు మందంగా ఉంటాయి కాబట్టి పిస్టన్‌ను లోపలికి నెట్టాలి కదా. బొటనవేళ్లతో ఎంత అదిమినా కదలడం లేదు.

బుల్లెట్_బుజ్జి
పిస్టన్ బయటికే తీసేసి కడగండి. గొట్టం విప్పి ఆ రంధ్రంలో పంక్చర్ షాపులో గాలి కొట్టిస్తే ఎగిరి వస్తుంది.

డిపో_బాబాయ్
వద్దు, వద్దు. ఎగిరి వస్తుంది, దానితోపాటు వేలు కూడా. కంప్రెసర్ గాలికి పిస్టన్ తుపాకీ గుండులా వస్తుంది. అలా వేలు నలిగిన మనిషిని డిపోలో కళ్లారా చూశాను. పిస్టన్ బయటికి తేవాలంటే బ్రేకు లివరే చాలు, అది నెమ్మదిగా, మన అదుపులో నెడుతుంది.

ఉప్పుటేరు బాబూ, వరసగా చూడు. పైన బ్రేకు ఫ్లూయిడ్ డబ్బా మూత తెరిచావా? నిండుగా ఉంటే కొంచెం సిరంజితో తీసెయ్. తర్వాత పిస్టన్ బయటికి ఉన్న భాగం చూడు, నల్లగా మట్టి కట్టి ఉంటుంది. ఆ మట్టితోనే లోపలికి నెడితే సీలు చీలుతుంది. రెండు ప్యాడ్ల మందమంత చెక్కముక్క కాలిపర్‌లో పెట్టి, లివరు కొంచెం నొక్కి పిస్టన్‌ను ఇంకాస్త బయటికి రానీ. చెక్క దాన్ని పడిపోకుండా ఆపుతుంది. పాత టూత్‌బ్రష్, సబ్బునీళ్లతో చుట్టూ తోము. ఆరాక పిస్టన్ పక్కకు కొత్త బ్రేకు ఫ్లూయిడ్ పలచగా రాయి. ఇప్పుడు పాత ప్యాడు దాని మీద పెట్టి, సి క్లాంపుతో నిటారుగా, నెమ్మదిగా నెట్టు.

షెడ్డు_శీను
అలా కూడా రాకపోతే కాలిపర్ మీద గాలి తీసే బ్లీడర్ నిప్పుల్‌కు పైపు తగిలించి, పైపు కొస సీసాలో పెట్టి, నిప్పుల్ కొంచెం వదిలి నెట్టి చూడు. నిప్పుల్ వదిలితే పిస్టన్ సులువుగా పోతోంది, బిగిస్తే పోవడం లేదంటే తప్పు కాలిపర్‌లో లేదు. పైన మాస్టర్ సిలిండర్‌లో (లివరు దగ్గర ఫ్లూయిడ్‌ను నెట్టే పంపు) చిన్న రంధ్రం పూడి ఉండాలి, లేదా గొట్టం లోపల వాచి ఉండాలి. నిప్పుల్ వదిలినా కదలకపోతే పిస్టనే తుప్పు పట్టింది, అప్పుడు ఆపేసి షెడ్డుకు తీసుకెళ్లు. నిప్పుల్‌ను ఆరు పలకల సాకెట్టుతోనే తిప్పు. లోపల బోలుగా ఉంటుంది, మొరటుగా తిప్పితే తెగుతుంది. తెగితే ఈజీ ఔట్ (విరిగిన బోల్టులు తీసే పనిముట్టు) పెట్టకు. అది గట్టి ఉక్కు, లోపల విరిగిందంటే డ్రిల్లు కూడా దిగదు.

ల్యాబ్_టీచర్
ఫ్లూయిడ్ పెయింటు మీద పడితే తుడవడంతో ఆగొద్దు, వెంటనే నీళ్లు పోసి కడగండి. ఆ నల్ల బ్రేకు పొడిని నోటితో ఊదొద్దు, గాలి కొట్టొద్దు. పాత ప్యాడ్లలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. తడిపి తుడవాలి. ఎలాగూ నిప్పుల్ తెరుస్తున్నారు కాబట్టి ఫ్లూయిడ్ కూడా మార్చేయండి. అది గాలిలో తేమను పీలుస్తుంది. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 155కు పడిపోతుంది. మూత మీద ఏ డాట్ రాసి ఉందో అదే పోయండి. డాట్ 5 మాత్రం సిలికాన్ రకం, వీటితో కలపకూడదు.

గాజువాక_గణేష్
డ్రమ్ము వచ్చింది. ఎం8 బోల్టులు మార్చి మార్చి బిగిస్తుంటే పెద్ద చప్పుడుతో వదిలింది, పై ఫ్లాటు వాళ్లు కిటికీ తెరిచి చూశారు. లోపల లైనింగు ఒక ముక్క ఊడి డ్రమ్ముకే అతుక్కుని ఉంది, బాబాయ్ ఊహించినట్టు. షూలు రెండు పక్కలా మారుస్తున్నాను.

డెట్రాయిట్_నాని
సూపర్. హబ్బు ముఖం మీద తుప్పును వైరు బ్రష్షుతో పూర్తిగా తీశాకే డ్రమ్ము పెట్టండి. డిస్కుకు ఇది ఇంకా ముఖ్యం, ఒక చిన్న తుప్పు పెళ్ల మిగిలినా డిస్కు వంకరగా కూర్చుని పెడల్ అదురుతుంది. కాలిపర్ బ్రాకెట్టులో ప్యాడు చెవులు కూర్చునే స్టీలు క్లిప్పులు ఉంటాయి, వాటిని కూడా ఊడదీసి కింద చూడండి. తుప్పు క్లిప్పును పైకి లేపి ప్యాడును బిగించేస్తుంది. అక్కడ గీకకుండా కొత్త ప్యాడును సుత్తితో కొట్టి దింపితే మళ్లీ మొదటికే వస్తుంది.

ఉప్పుటేరు_బైకర్
పిస్టన్ లోపలికి వెళ్లింది. చెక్కముక్క పెట్టి కడిగాక క్లాంపుకు సాఫీగా కదిలింది, నిప్పుల్ తెరవాల్సిన అవసరం కూడా రాలేదు. ఫ్లూయిడ్ మాత్రం మార్చుతాను. పిన్నులు, బూట్ల కిట్టు వచ్చాయి. స్లైడ్ పిన్ను రంధ్రం బ్రష్షుతో శుభ్రం చేసి సిలికాన్ గ్రీజు పెట్టాను, ఇప్పుడు కాలిపర్ ఒక్క వేలితో జరుగుతోంది. ప్యాడు పిన్ను ఎంత బిగించాలి? మళ్లీ ఇంకొకరికి నాలాంటి అవస్థ రాకూడదు.

రాణిగంజ్_రాజు
చాలా బైకుల్లో ప్యాడు పిన్నుకు 15 నుంచి 20 న్యూటన్ మీటర్ల మధ్య చెప్తారు, మీ మాన్యువల్ అంకెనే పాటించండి. టార్క్ రించ్ (ఎంత బిగువు పడిందో చూపే పానా) లేకపోతే ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి. మరలకు యాంటీ సీజ్ (మరలు పట్టేయకుండా రాసే పేస్టు) చాలా పలచగా, ప్యాడు వైపు రాకుండా. ఎక్కువ రాస్తే అదే టార్కుకు బోల్టు అతిగా బిగుసుకుంటుంది.

డిపో_బాబాయ్
ఈసారి వరస తిరగేయాలి. పిన్నును వేళ్లతో దింపి, కాలిపర్‌ను ఫోర్కుకు బిగించి, ఆ తర్వాత పిన్నును ఫైనల్‌గా బిగించు. బండి కదిపే ముందు లివరు గట్టిపడేదాకా పంపు కొట్టు. మొదటి నొక్కుళ్లు ఖాళీగా పోతాయి, పిస్టన్ ప్యాడును చేరేదాకా బ్రేకే ఉండదు. గేటు దాటాక గుర్తొస్తే లాభం లేదు. డబ్బాలో ఫ్లూయిడ్ గీతల మధ్య ఉందో లేదో చూసి మూత వెయ్. చక్రం ఎత్తి చేత్తో తిప్పు, రాసుకునే చప్పుడు సన్నగా ఉన్నా ఫర్వాలేదు, స్వేచ్ఛగా తిరగాలి.

టూటీ_ఫ్రూటీ
కొత్త ప్యాడ్లు వెంటనే గట్టిగా పట్టవంటారు కదా, ఎంత దూరం జాగ్రత్తగా నడపాలి?

షెడ్డు_శీను
ఖాళీ రోడ్డు మీద 40 స్పీడులో వెళ్తూ మెల్లగా నొక్కి స్పీడు తగ్గించు, పూర్తిగా ఆపకుండా వదులు, కాస్త చల్లారనీ, మళ్లీ చెయ్. అలా కొన్నిసార్లు చేస్తే పట్టు తేడా నీకే తెలుస్తుంది. మొదటి 150, 200 కిలోమీటర్లు ముందు బండికి దూరం ఎక్కువ పెట్టు, వెనక బ్రేకు కూడా కలిపి వాడు.

ఉప్పుటేరు_బైకర్
బిగించాను. లివరు గట్టిగా ఉంది, చక్రం స్వేచ్ఛగా తిరుగుతోంది, డబ్బా దగ్గర గానీ నిప్పుల్ దగ్గర గానీ చెమ్మ లేదు. బీచ్ రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు శీను అన్న చెప్పినట్టు నడిపాను, పట్టు బాగా వచ్చింది. రేపు రాత్రి ఇంకోసారి బోల్టులన్నీ చూసుకుంటాను. @టూటీ_ఫ్రూటీ నీ బండి పిన్ను తీసేటప్పుడు టీ30 బిట్టు కావాలంటే నా దగ్గరుంది.

టూటీ_ఫ్రూటీ
నేను రాజమండ్రిలోనే అన్నా. శనివారం వస్తాను. సిలికాన్ గ్రీజు నేను తెస్తా.

షెడ్డు_శీను
ముందు బూట్ల కిట్టు ఆర్డరు పెట్టు తమ్ముడూ. విప్పాక చిరిగిందని తెలిస్తే శనివారం పని అక్కడే ఆగుతుంది.